కింది బోల్టు

ఊరి చివర కార్ల మెకానిక్ షెడ్డు. పొద్దున పదిన్నర. మేస్త్రీ అరచేతిలో వేలెడంత బోల్టు ఒకటి ఉంది. ఎదురుగా ఆయన బావమరిది, షెడ్డు లెక్కాపత్రం చూసుకునేవాడు, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

“మళ్ళీ చెప్పు. ఎక్కడ దొరికింది?”

“చెప్పాగా బావా. పనిముట్ల ట్రేలో, పాత గుడ్డ కింద. ట్రే తుడుద్దామని గుడ్డ లాగితే దొర్లింది.”

“ట్రేలోనా, నేల మీదా?”

“ట్రేలో.”

“మొన్నటిదేమో.”

“మొన్నంతా ఏసీ పనేగా. మొన్న మనం బ్రేకులు ముట్టుకోలేదు. నిన్న చక్రాలు విప్పింది ఒక్క బండికే.”

“టీచరమ్మ బండి.”

“టీచరమ్మ బండే.”

“నేను బిగించాన్రా. రెండూ బిగించాను. పైది బిగించాను, తర్వాత కిందది… కిందది…”

“కిందది?”

“చేతిలోకి తీసుకున్నాను. అది గుర్తుంది. పానా కూడా పెట్టాననుకుంటా.”

“పానా పెట్టి ఉంటే బోల్టు ఇక్కడెందుకుంటుంది బావా?”

“కొత్తది వేసి పాతది ట్రేలో పడేశానేమో.”

“కొత్తది మన దగ్గర ఎక్కడుంది?”

“…ఫోన్ ఇలా ఇవ్వు.”

“ఆగు, తొందరపడకు. ఒక్క బోల్టేగా. పైది ఉందిగా. బండి నిన్న సాయంత్రం శుభ్రంగా ఇంటికి పోయింది.”

“పైదొక్కటే ఉంటే బ్రేకు ప్యాడ్లు పట్టుకునే ఇనప దిమ్మ మొత్తం తలుపులా ఊగుతుంది. తొక్కిన ప్రతిసారీ ఊగుతుంది. ఊగి ఊగి చక్రానికి కొట్టుకుంటుంది. ఆయిల్ పైపు తెగిందా, ఇంక బ్రేకు తొక్కినా ఒకటే, దేవుడికి మొక్కినా ఒకటే. నీకు తెలియదా?”

“తెలుసు. కానీ ఆవిడ తిరిగేది ఊళ్ళోనే కదా. ఇల్లు, బడి, బడి, ఇల్లు. అదీ ఎడ్లబండిలా నడుపుతుంది. సాయంత్రం పిలిచి, ఊరికే ఒకసారి చూస్తాం రండి అని చెప్పి బిగించేద్దాం. మూడో కంటికి తెలియదు.”

“ఇవాళ ఆవిడ కొండెక్కింది.”

“ఏ కొండ?”

“మనకి ఎన్ని కొండలున్నాయిరా? ఆ కొండే. నిన్న నేను చక్రం విప్పుకుని కూర్చుంటే పక్కనే నిలబడి చెప్పింది. అత్తగారి చెల్లెలికి బాలేదట, పైన ఊళ్ళో ఉంటుందట. పొద్దున్నే వెళ్ళి, చూసి, ఎండ ముదిరేలోపు దిగొచ్చేస్తామంది. ‘ఆరేళ్ళయింది మేస్త్రీ గారూ ఆ రోడ్డెక్కి, బ్రేకులు మాత్రం మీ చేత్తోనే చూడండి’ అంది. ఆ మాట అనేటప్పుడు ఈ బోల్టు నా చేతిలోనే ఉంది.”

“అందుకా.”

“అందుకే.”

“ఆ రోడ్డు పేరెత్తేసరికి నీ చెయ్యి ఆగిపోయింది.”

“ఫోన్ ఇవ్వరా.”

“ఇస్తాను. కానీ బోల్టు మాట ఎత్తకు బావా. సర్వీసు అయ్యాక అందరికీ ఫోన్ చేస్తామని చెప్పి, బండి ఎలా ఉందని అడుగు. పక్కకి ఆపించు. జీపేసుకుని వెళ్ళి బిగించేసి వద్దాం. అంతే. వింటున్నావా? మన గొయ్యి మనం తవ్వుకోవద్దు. ఒకటి తవ్వితే పక్కనున్న పాతది కూడా బయటపడుతుంది.”

“నువ్వు ముందు జీపు తియ్యి.”

షెడ్డు తలుపు కూడా వెయ్యకుండా ఇద్దరూ బయల్దేరారు. బావమరిది నడుపుతున్నాడు. రెండుసార్లు ఊరికే మోగి ఆగిన ఫోను మూడోసారి ఒక ముసలి గొంతు ఎత్తింది.

“ఎవరూ?”

“పెద్దమ్మగారూ, నేనండి, మెకానిక్ షెడ్డు మేస్త్రీని. టీచరమ్మగారు లేరా?”

“మా కోడలా? ఇక్కడే ఉంది. బండి నడుపుతోంది. నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోదు, అదో నియమం. నా ఒళ్ళో పడేసింది. ఏం నాయనా?”

“ఎక్కడున్నారండీ?”

“కార్లో.”

“కారు ఎక్కడుందండీ?”

“రోడ్డు మీదే.”

“అది కాదు పెద్దమ్మగారూ. కొండ ఎక్కుతున్నారా, దిగుతున్నారా?”

“దిగుతున్నాం. చెల్లెల్ని చూశాం. పాపం నన్ను గుర్తుపట్టింది గానీ నా పేరే దాని నోటికి రాలేదు. గంట కూర్చుని వచ్చేశాం. నీకెందుకు నాయనా ఇవన్నీ?”

“ఊరికేనండి. సర్వీసు అయ్యాక కనుక్కుంటాం. ఆ ఫోను టీచరమ్మగారికి వినబడేట్టు పెట్టండి.”

“అదెలా పెడతారో నాకేం తెలుసు? అమ్మాయ్, ఏదో నొక్కమంటున్నాడు.”

“ఆ కింద బూరలాంటి బొమ్మ ఉంది చూడండి అత్తయ్యా, అది. ఆఁ, అదే. చెప్పండి మేస్త్రీ గారూ.”

“టీచరమ్మా, బండి ఎలా ఉంది?”

“బాగానే ఉందండీ. మీరే అడిగారు కాబట్టి చెబుతున్నాను. ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమంటోంది. ఎక్కేటప్పుడు ఏం లేదు. దిగడం మొదలెట్టాక వస్తోంది. కొత్త ప్యాడ్లు కదా, సర్దుకుంటాయిలే అనుకున్నాను.”

“ఎప్పుడెప్పుడు వస్తోంది?”

“బ్రేకు తొక్కినప్పుడు ఒకటి. వదిలినప్పుడు ఒకటి.”

“అమ్మా, బండి ఆపెయ్యండి.”

“ఇక్కడా? మలుపులో ఉన్నాను. వెనక లారీ ఉంది. ఎందుకండీ?”

“ఏం లేదు. ఊరికే చూద్దామని.”

“ఫోన్లో ఏం చూస్తారు?”

“మేం వస్తున్నామమ్మా. దారిలోనే ఉన్నాం.”

“మీరెందుకు వస్తున్నారు? మేస్త్రీ గారూ, ఏమైంది?”

“ఏం కాలేదమ్మా. మీరు భయపడకండి.”

“నేను భయపడట్లేదండీ. మీ గొంతే భయపడుతోంది.”

“ఏ గేర్లో ఉన్నారు?”

“మూడు.”

“రెండులోకి దించండి. బ్రేకు ఊరికే తొక్కకండి. ఇంజనే బండిని పట్టుకుంటుంది. వెనక లారీ వాడికి దారిచ్చి ముందుకి పోనివ్వండి.”

“పోతున్నాడు. పోయాడు. రెండు వేశాను. ఇప్పుడు చెప్పండి, ఏమైందో.”

“ఎక్కడైనా కాస్త వెడల్పు కనబడితే—”

“మేస్త్రీ గారూ, ఎర్ర లైటు వెలిగింది.”

“ఏ లైటు?”

“గుండ్రంలో ఆశ్చర్యార్థకం. బ్రేకుది. హ్యాండ్ బ్రేకు దించే ఉంది, చూసుకున్నాను. అది దించి ఉండగా ఆ లైటు వెలిగితే బ్రేక్ ఆయిల్ తగ్గినట్టని పుస్తకంలో ఉంది. నిన్నే మార్చారుగా ఆయిల్?”

“మార్చానమ్మా. ఒట్టు. నిన్న మీ కళ్ళ ముందే మార్చాను.”

“నేను చూశాను, మార్చారు. మరి ఎక్కడికి పోయింది?”

“పైపు ఎక్కడో కారుతూ ఉండాలి.”

“అమ్మాయ్, ఏమంటున్నాడు? ఏం కారుతోందట?”

“ఏం లేదు అత్తయ్యా. బెల్టు పెట్టుకున్నారుగా?”

“పెట్టుకోకపోతే నువ్వు బండి కదిలించావా? ఇది ఇంతే నాయనా. వారం వారం చక్రాల్లో గాలి చూడాలి, వాన రాకముందే అద్దం తుడిచే రబ్బర్లు మార్చాలి. పదివేల కిలోమీటర్లకోసారి ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి. రాత్రి తలగడ కింద కూడా ఆ సర్వీసు పుస్తకమే.”

“అత్తయ్యా, ఒక్క నిమిషం. మేస్త్రీ గారూ?”

“చెప్పమ్మా.”

“పెడలు కిందకి వెళ్ళిపోయింది.”

“మొత్తమా?”

“నేలకి తగులుతోంది. తొక్కినా ఏం లేదు. వడ్లబస్తా మీద కాలేసినట్టు దిగిపోతోంది.”

“వదిలి తొక్కండి. పంపు కొట్టినట్టు, వదిలి తొక్కండి, వదిలి తొక్కండి. గబగబా.”

“కొంచెం పట్టింది. మళ్ళీ పోయింది.”

“ఆ కొంచెమే చాలు. రెండు చక్రాలకి ఇంకా ఆయిల్ అందుతోంది. ఎంత స్పీడులో ఉన్నారు?”

“నలభై. నలభై రెండు.”

“ఇంజను మాత్రం ఆపకండి. ఏమైనా సరే తాళం తిప్పకండి. ఆపితే స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది.”

“మా ఆయనకీ ఇలాగే అయ్యుంటుంది.”

“అమ్మా, ఇప్పుడు ఆ మాటలొద్దు.”

“ఆయనకి ఇలా చెప్పడానికి ఎవరూ లేరు.”

“టీచరమ్మా, నా మాట వినండి. రోడ్డు మీద చూపు పెట్టండి. హ్యాండ్ బ్రేకు చివర బొత్తం ఉంది కదా. అది నొక్కి పట్టుకుని, కొంచెం కొంచెంగా పైకి లాగాలి. ఒక్కసారిగా లాగితే బండి వెనక భాగం తిరిగిపోతుంది. కొంచెం లాగి, వదిలి, మళ్ళీ కొంచెం.”

“మలుపులున్నాయండీ. ఒక చెయ్యి తీస్తే స్టీరింగు నాకు ఆగదు.”

“అమ్మాయ్, నువ్వు రెండు చేతులూ దాని మీదే ఉంచు. నేను లాగుతా.”

“అత్తయ్యా, మీ వల్ల కాదు.”

“ఎన్ని బిందెలు తోడిన చేతులివి. నాయనా, నాకు చెప్పు. ఇదేనా, మా ఇద్దరి మధ్యనున్న కర్ర?”

“అదే పెద్దమ్మగారూ. చివర బొత్తం బొటనవేలితో నొక్కండి. నొక్కారా? నొక్కి ఉంచే లాగండి. మెల్లగా. చేదతాడు లాగినట్టు కాదు, నిద్రపోయే పిల్లాడి కింద నుంచి పక్కబట్ట లాగినట్టు.”

“లాగుతున్నా.”

“చాలు, కొంచెం వదలండి. మళ్ళీ లాగండి. ఎంతుంది స్పీడు?”

“ముప్పై అయిదు. ముప్పై. అత్తయ్యా, అలాగే. మేస్త్రీ గారూ, ముందు పెద్ద మలుపు ఉంది. ఆ మలుపే.”

“ఇరవైకి వచ్చాక మొదటి గేరు వెయ్యండి. లోయ వైపు చూడకండి. కొండ వైపుకి, కొండకి ఆనించెయ్యండి, బండి పోతే పోనివ్వండి. వింటున్నారా? రాసుకుపోయినా పర్వాలేదు. అమ్మా? హలో? అమ్మా?”

ఫోనులో చప్పుడు ఆగిపోయింది.

“పెద్దమ్మగారూ. హలో.”

“సిగ్నల్ పోయుంటుంది బావా. ఆ మలుపు దగ్గర ఎవరికీ రాదు.”

“మళ్ళీ చేస్తున్నా.”

“చెయ్యి.”

“మోగట్లేదు. మోగట్లేదురా.”

“అందుబాటులో లేదంటోందా?”

“అందుబాటులో లేదంటోంది. నువ్వు తొక్కు.”

“తొక్కుతూనే ఉన్నా. ఎక్కుడు కదా, ఇంతకన్నా పోదు.”

“ఇది నాలుగోసారి. లేదంటోంది.”

“బావా, ఒక మాట. ఏమీ కాకపోతే సరే. ఏదన్నా అయితే మాత్రం ఆ బోల్టు ఇలా ఇచ్చెయ్యి. కిందకి విసిరేస్తా.”

“నోరు ముయ్యి.”

“నీ కోసమే చెబుతున్నా. ఆ రోజు నా మాట విన్నావు. షెడ్డు నిలబడింది.”

“షెడ్డు నిలబడింది. నేనే పడ్డాను.”

“ఎవరు చూశారు నువ్వు పడ్డం? మా అక్క చూసిందా? ఊరు చూసిందా?”

“మీ అక్క చూసింది. ఏమైందని అడగడం మానేసింది, అంతే. టీచరమ్మ బండి షెడ్డులోకి వచ్చినప్పుడల్లా నాకు అన్నం దిగదు. ఆర్నెల్లకోసారి వస్తుంది, మీరు తప్ప ఎవరూ ముట్టుకోవద్దంటుంది. వేరే షెడ్డుకి పొమ్మని ఎలా చెప్పను? ఎందుకని అడిగితే ఏం చెప్పను? ఆవిడ బండికి నేను చేసినంత శ్రద్ధగా ఎవడూ చెయ్యడు. ఒక్కో నట్టు మూడేసిసార్లు చూస్తాను. అలాంటిది, దానికే…”

“మోగుతోంది బావా. నీ చేతిలో ఫోను మోగుతోంది.”

“హలో. అమ్మా?”

“ఆగింది.”

“ఆగిందా?”

“ఆగింది మేస్త్రీ గారూ. మలుపు తిరిగాక కొండకి ఆనించేశాను. అద్దం పోయింది, ఎడమ తలుపులు రెండూ చీరుకుపోయాయి.”

“మనుషులు?”

“ఉన్నాం. అత్తయ్య ఇంకా ఆ హ్యాండ్ బ్రేకు వదలట్లేదు. వదలండంటే వదలట్లేదు.”

“వదలనివ్వకండి. మొత్తం పైకి లాగమనండి. ఇప్పుడు ఇంజను ఆపి రివర్సు గేర్లో పెట్టండి. రోడ్డు వైపు తలుపులోంచి ఇద్దరూ దిగి, బండికి ఎగువన నిలబడండి. ముందు వైపు మాత్రం పోకండి. దారిన ఎవరైనా వస్తే చక్రాలకి దిగువన రాళ్ళు పెట్టమనండి. పావుగంటలో వచ్చేస్తాం.”

“మేస్త్రీ గారూ.”

“అమ్మా.”

“ఏం లేదు. రండి.”

ఆ పావుగంటలో బావమరిది చాలా చెప్పాడు. మేస్త్రీ బోల్టుని పిడికిట్లో పట్టుకుని రోడ్డు వైపే చూశాడు. మలుపు దాటగానే కారు కనిపించింది, కొండకి ఒరిగి, చక్రాల ముందు రాళ్ళతో. ఎగువన రోడ్డు పక్క గట్టు మీద అత్తాకోడళ్ళు కూర్చుని ఉన్నారు. మేస్త్రీ ముందు కారు కిందకి దూరి, ఎడమ చక్రం వెనక చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే వాళ్ళ దగ్గరికి నడిచాడు.

“వచ్చావా నాయనా.”

“లేవకండి పెద్దమ్మగారూ. కూర్చోండి.”

“నువ్వు చల్లగా ఉండాలి. నీ నోటి మాట పట్టుకుని వచ్చాం ఈ గట్టుకి.”

“ఆ మాట అనకండి.”

“అనక? ఫోన్ చెయ్యాలని నీకెలా తోచిందో గానీ—”

“అత్తయ్యా, ఆయన్ని మాట్లాడనివ్వండి. చూశారా మేస్త్రీ గారూ? ఏమైంది?”

“చూశానమ్మా.”

“రాయి తగిలిందండీ టీచరమ్మా. మా బావ చూశాడుగా. కింద పైపుకి రాయి తగిలి తెగింది. కొండ రోడ్ల మీద మామూలే.”

“రాయా?”

“రాయే.”

“మరి ఆ టక్కుటక్కుమన్నది?”

“అదీ రాయేనండి.”

“తొక్కినప్పుడొకటి, వదిలినప్పుడొకటి కొట్టే రాయా? మేస్త్రీ గారూ, మీరు చెప్పండి.”

“రాయి కాదమ్మా. ఇదిగో.”

“బావా.”

“నువ్వు ఊరుకోరా. ఇది మీ బండిదే టీచరమ్మా. కింది బోల్టు. నిన్న బిగించడం మర్చిపోయాను. పొద్దున ట్రేలో దొరికింది. అందుకే ఫోన్ చేశాను. బండి ఎలా ఉందో కనుక్కోవడానికి కాదు.”

“…మర్చిపోయారా.”

“మర్చిపోయాను.”

“మా అత్తయ్యకి డెబ్భై ఆరేళ్ళండీ. నా పక్కన కూర్చుని ఉంది.”

“తెలుసమ్మా.”

“పెడలు కిందకి పోయినప్పుడు నేను ఏమనుకున్నానో తెలుసా? బెల్టు పెట్టించాను, పుస్తకంలో ఉన్నవన్నీ చేయించాను, ఇంకేం మిగిలింది, ఏం మర్చిపోయాను అనుకున్నాను. నేనేం మర్చిపోలేదు కదా?”

“మీరేం మర్చిపోలేదు.”

“నేనిప్పుడు మిమ్మల్ని కొట్టాలి. చెయ్యి రావట్లేదు.”

“అమ్మాయ్, పోనీలే. ఫోన్ చేశాడుగా. చెయ్యకుండా ఊరుకుంటే మనకి తెలిసేదా? పోలీసులొచ్చి ఆడది, బండి నడపడం రాదు, అని రాసుకుని పోయేవాళ్ళు. మర్చిపోయాడు, వచ్చి తన నోటితో తనే చెప్పాడు. అదీ చెప్పనివాళ్ళు ఎంతమంది.”

“నేనూ అదే అనుకుంటున్నాను అత్తయ్యా. మనిషన్నాక మర్చిపోతాడు. మర్చిపోతే మర్చిపోయానని చెప్పాలి. మీ అబ్బాయి అది చెయ్యలేదు. అదే నాకు ఇన్నేళ్ళుగా—”

“ఇప్పుడు వాడి సంగతెందుకే.”

“ఇంకెప్పుడు? ఆయన పోయింది ఈ మలుపులోనే కదా. మేస్త్రీ గారూ, మీకు తెలియనిదేముంది. ఆయన బండిలో బ్రేక్ ఆయిల్ ఏళ్ళ తరబడి మార్చలేదన్నారు. పాతబడితే అందులో నీరు చేరుతుందట, దిగుడులో బ్రేకులు వేడెక్కి ఆ నీరు కాగి ఆవిరైతే పెడలు కిందకి పోతుందట. ఇవాళ పోయినట్టే. రెండేళ్ళకోసారి మార్చాల్సిన చిన్న సీసాడు ఆయిల్. ప్రయాణానికి ముందు రోజు రాత్రి అన్నం దగ్గర అడిగాను, సర్వీసు చేయించారా అని. చేయించాను, ఆయిల్ కూడా మార్పించాను అన్నాడు. నా కళ్ళలోకి చూసి చెప్పాడు. తర్వాత పోలీసులు మిమ్మల్ని అడిగితే, ఏడాదిన్నరగా ఆ బండి షెడ్డు గడప తొక్కలేదన్నారు మీరు.”

“అమ్మా…”

“మిమ్మల్ని అనట్లేదండీ. మీరు ఉన్నమాట చెప్పారు. ఆయన నాతో ఆడిన ఆఖరి మాట అబద్ధం, అంతే. పోయినందుకు కూడా సరిగ్గా ఏడవలేకపోయాను. ఆయన ఫొటో గోడకి పెట్టలేదు నేను. మా అత్తయ్య ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.”

“ఏమని అడగను? అబద్ధాలకోరు కొడుకుని కన్నది నేనేగా. చిన్నప్పటి నుంచీ ఒక్క అబద్ధం ఎరగడు నాయనా వాడు. గాజుగ్లాసు పగలగొడితే ముక్కలు పట్టుకొచ్చి నా చేతిలో పెట్టేవాడు. అలాంటివాడు ఆ ఒక్కరోజు ఎందుకు అబద్ధమాడాడో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.”

“బావా, జీపెక్కు. పోదాం. క్రేను తీసుకురావాలి. బావా.”

“నువ్వు పోయి తీసుకురా.”

“బావా, నీ కాళ్ళు పట్టుకుంటా.”

“పోరా. పెద్దమ్మగారూ, టీచరమ్మా, మీ ఇద్దరూ ఒక్క నిమిషం నా మాట వినండి. తర్వాత కొట్టండి, పోలీసుల దగ్గరికి పదమన్నా వస్తాను.”

“ఏంటి నాయనా? పోలీసులెందుకు? మేం బతికే ఉన్నాంగా.”

“మీవాడు అబద్ధమాడలేదు. ముందు రోజు మధ్యాహ్నం బండి నా షెడ్డుకే తెచ్చాడు. ‘ఆయిల్ నల్లబడింది మేస్త్రీ, రేపు కొండెక్కుతున్నాను, మార్చు’ అని ఆయనే అడిగాడు. డబ్బా ఖాళీగా ఉంది, తెప్పించడానికి బద్ధకమేసింది. మార్చానని చెప్పి పంపించాను.”